ఆస్తమా పరిశోధన, రోగుల చికిత్స: ఒకే వైద్యుడు రెండూ చేయగలడా?

పీజీ_ఆఖరి_ఏడాది అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను శ్వాసకోశ వైద్యంలో పీజీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. పరీక్షలయ్యాక ఏ దారిన వెళ్లాలో తేల్చుకోలేక ఇక్కడి పెద్దలను అడుగుతున్నాను. కాస్త పొడుగ్గా రాస్తున్నందుకు మన్నించాలి.

నేను చేరకముందు నుంచే, అంటే నాలుగేళ్లుగా, మా ఓపీకి వస్తున్న ఒకావిడ ఉన్నారు. వయసు 46. ఎన్నడూ పొగ తాగలేదు. ఆస్తమా ముప్పై ఎనిమిదో ఏట మొదలైంది. చర్మం మీద చేసే అలర్జీ పరీక్షలన్నీ నెగెటివ్‌గా వచ్చాయి. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను రోజూ రెండు పూటలా పీలుస్తారు. పీల్చే పద్ధతి సరిగా ఉందో లేదో ఎదురుగా కూర్చోబెట్టుకుని నేనే రెండుసార్లు చూశాను, తప్పేమీ కనబడలేదు. అయినా ఏడాదికి మూడు నాలుగు సార్లు ఆయాసం ముదిరి, ఒక్క వాక్యం కూడా పూర్తిగా పలకలేని స్థితిలో క్యాజువాలిటీకి వస్తారు. వారం రోజులు స్టెరాయిడ్ మాత్రలు వేసుకోగానే తేరుకుంటారు. మాత్రలు ఆపిన ఆరు వారాలకు కథ మళ్లీ మొదటికి వస్తుంది. ఫైలులో ప్రతిసారీ మాలో ఎవరో ఒకరం "తీవ్రమైన ఆస్తమా, అదే మందు కొనసాగించాలి" అని రాసి సంతకం పెడుతున్నాం.

పోయిన నెల ఆవిడ నన్ను సూటిగా అడిగారు: "అందరికీ తగ్గే మందు నాకెందుకు తగ్గట్లేదు డాక్టరుగారూ?" నేను ఏదో చెప్పి పంపించాను గానీ, ఆ ఏదో నాకే నచ్చలేదు.

అప్పటి నుంచి పరిశోధన వైపు మనసు లాగుతోంది. అయితే మా సీనియర్లలో ఒకరు, రోగులను చూస్తూ ల్యాబ్ కూడా నడిపేవాళ్లు చివరకు రెండింటిలోనూ సగం సగమే మిగులుతారని గట్టిగా చెప్పారు. ఆయన మాటలో నిజమెంత? ఆస్తమాలో వైద్యుడే శాస్త్రవేత్త కావడం వల్ల రోగులకు నిజంగా ఒరిగిందేమైనా ఉందా, లేక ఆ పని పూర్తికాలపు జీవశాస్త్రవేత్తలు ఇంకా బాగా చేసేవారా? రోజువారీ పని ఎలా ఉంటుంది? "ఇష్టమైనది చేయండి" వంటి సలహా కన్నా, జరిగిన సంగతులు చెబితే ఎక్కువ మేలు చేసినవారవుతారు.

పాత_స్టెతస్కోపు ఇచ్చిన జవాబు

మీ ఓపీలోని ఆవిడ అడిగిన ప్రశ్నే ఈ రంగాన్ని యాభై ఏళ్లు తిప్పలు పెట్టింది కాబట్టి, జవాబు అక్కడి నుంచే మొదలుపెడతాను.

1956లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ దీర్ఘకాలిక ఆస్తమా రోగులకు కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి చూసింది. పాత మందులతో పోలిస్తే చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. ఈనాడు ఆస్తమా చికిత్సకు వెన్నెముక స్టెరాయిడే అని తెలిసిన మనకు ఇది వింతగా తోస్తుంది. అప్పట్లో డెర్బీలో హ్యారీ మారో బ్రౌన్ అనే వైద్యుడు తన క్లినిక్‌లోనే ఒక మైక్రోస్కోపు పెట్టుకుని, వచ్చిన రోగుల కఫాన్ని అక్కడికక్కడే చూసే అలవాటు చేసుకున్నాడు. కఫంలో ఇయోసినోఫిల్ అనే ఒక రకం తెల్ల రక్తకణాలు దండిగా ఉన్నవారికి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర అద్భుతంగా పనిచేస్తోందని, అవి లేనివారికి పెద్దగా పనిచేయడం లేదని గమనించి 1958లో లాన్సెట్ పత్రికలో రాశాడు. అంతకుముందు జరిగిన ట్రయల్‌లో ఈ రెండు రకాల వాళ్లనూ ఒకే గాటన కట్టేయడంతో లాభపడినవారి లాభం సగటు లెక్కలో కరిగిపోయింది. ఓపీ గదిలోనే మైక్రోస్కోపు ఉన్న మనిషికి కనబడింది, ఫలితాల పట్టిక మాత్రమే చేతికొచ్చినవారికి కనబడలేదు.

ఇంత తేటగా చెప్పినా ఆ మాట మరుగున పడింది. కారణం మామూలుదే. కఫం చూడడం చాకిరీ. ఆస్తమా రోగులు చాలామందికి దగ్గినా కఫం రాదు, వచ్చినా అందులో ఉమ్మే ఎక్కువ. 1990ల తొలినాళ్లలో కెనడాలోని హామిల్టన్‌లో, మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఫ్రెడ్డీ హార్‌గ్రీవ్ బృందం ఉప్పు గాఢత ఎక్కువగా ఉన్న సెలైన్‌ను నెబ్యులైజర్‌తో పీల్పించి కఫం తెప్పించే పద్ధతిని ఒక క్రమంలో పెట్టింది. ఆ పని నేను ఇరవై ఏళ్లకు పైగా చేస్తున్నాను కాబట్టి ఎలా ఉంటుందో చెబుతాను. రోగి ముందుగా, శ్వాసనాళాలను వదులు చేసే సాల్బ్యుటమాల్ పీల్చి, నోరు పుక్కిలించి, అయిదేసి నిమిషాల చొప్పున సెలైన్ పొగ పీలుస్తాడు. ప్రతి విడత తర్వాతా ఊపిరి ఊది చూపించాలి, శ్వాసనాళాలు బిగిస్తున్నాయేమోనని. డబ్బాలోకి దగ్గి ఉమ్మినదాన్ని గాజు పళ్లెంలో పోసి, నురుగులాంటి ఉమ్మిని వదిలేసి, తీగలా సాగే చిక్కటి ముద్దలను చిన్న పట్టకారుతో ఏరాలి. వాటిని కరిగించే ద్రావణంలో వేసి, వడగట్టి, సెంట్రిఫ్యూజ్‌లో గాజు పలక మీదకు పరిచి, రంగు వేసి, 400 కణాలు లెక్కపెట్టాలి. నారింజ ఎరుపు గింజలు నింపుకుని, రెండు తమ్మెల కేంద్రకంతో కనబడేదే ఇయోసినోఫిల్. నూటికి మూడు దాటితే ఆలోచించాలి. ఒక్క రోగికి పూట గడిచిపోతుంది. దీన్ని టెక్నీషియన్‌కు వదిలేసి గదిలో కూర్చునేవాడు ఈ రంగంలో ఎక్కువ కాలం నిలబడడని నా అభిప్రాయం. నాతో విభేదించేవారు ఉంటారు.

1999లో అమెరికా వైద్యురాలు సాలీ వెన్జెల్, ఆమె సహచరులు తీవ్రమైన ఆస్తమా రోగుల శ్వాసనాళాల నుంచి తీసిన చిన్న ముక్కలను పరీక్షించి, వారిలో ఇయోసినోఫిల్స్ ఉన్నవారు, లేనివారు అని రెండు తెగలు ఉన్నాయని చూపించారు. 2002లో ఇంగ్లండులోని లెస్టర్‌లో ఇయాన్ పావర్డ్ బృందం 74 మందిని రెండుగా విడదీసి, సగం మందికి మామూలు మార్గదర్శకాల ప్రకారం, మిగతా సగం మందికి కఫంలోని ఇయోసినోఫిల్స్ లెక్కను బట్టి మందు సర్దింది. ఏడాది తిరిగేసరికి మొదటి గుంపులో 109 తీవ్రమైన ఎటాక్‌లు వస్తే, రెండో గుంపులో 35 వచ్చాయి. కొత్త మందు ఏదీ లేదు. ఉన్న మందునే ఎవరికి పెంచాలో, ఎవరికి తగ్గించాలో తెలిసింది, అంతే.

అసలు సంగతి దీని తర్వాత ఉంది. ఇయోసినోఫిల్స్‌ను పెంచి పోషించే ఇంటర్‌ల్యూకిన్-5 అనే ప్రొటీన్‌ను అడ్డుకునే యాంటీబాడీ, మెపోలిజుమాబ్, అప్పటికే తయారైంది. 2000లో తేలికపాటి ఆస్తమా ఉన్న 24 మందికి ఇచ్చి చూస్తే రక్తంలోనూ కఫంలోనూ ఇయోసినోఫిల్స్ పడిపోయాయి గానీ, అలర్జీ పదార్థం పీల్చినప్పుడు వచ్చే బిగుతు మాత్రం తగ్గలేదు. 2007లో 362 మంది మీద వచ్చిన ట్రయల్‌లోనూ లాభం తేలలేదు. ఇయోసినోఫిల్స్‌కు ఆస్తమాతో సంబంధమే లేదేమోనన్న మాట బలంగా వినబడింది. సరిగ్గా 1956 నాటి పొరపాటే మళ్లీ జరిగిందని గుర్తుపట్టింది, రోజూ కఫం చూసే ఆ రెండు చోట్లవారే. లెస్టర్‌లో 61 మందిని, హామిల్టన్‌లో 20 మందిని, కఫంలో ఇయోసినోఫిల్స్ ఉండి తరచుగా ఎటాక్‌లు వచ్చేవారిని లేదా స్టెరాయిడ్ మాత్రల మీదే బతుకుతున్నవారిని ఏరి, అదే మందు ఇచ్చారు. రెండు ఫలితాలూ 2009లో పక్కపక్కనే అచ్చయ్యాయి. లెస్టర్‌లో ఏడాదికి ఒక్కొక్కరికి సగటున 3.4 ఎటాక్‌లు వచ్చేచోట 2.0కు దిగాయి, హామిల్టన్‌లో ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర మోతాదు బాగా తగ్గించగలిగారు. 2015 నవంబరులో అమెరికాలో ఆ మందుకు అనుమతి వచ్చింది. పనికిరాదని పక్కన పెట్టబోయిన మందు మందుల దుకాణం దాకా వచ్చిందంటే, ఎవరికి ఇవ్వాలో తెలిసిన వైద్యులు పరిశోధనలో ఉండబట్టే. పూర్తికాలపు జీవశాస్త్రవేత్తలు ఆ యాంటీబాడీని నాకన్నా వెయ్యి రెట్లు బాగా తయారుచేస్తారు. దాన్ని ఏ మనిషికి ఇచ్చి చూడాలన్నది మాత్రం ఓపీలో తేలవలసిన విషయం.

ఇక మీ సీనియర్ చెప్పిన "సగం సగం" సంగతి. ఆయన మాటలో నిజం ఉంది. అమెరికా వైద్యుడు జేమ్స్ వింగార్డెన్ 1979లోనే క్లినికల్ పరిశోధకుణ్ణి అంతరించిపోతున్న జాతిగా వర్ణించాడు. పరిస్థితి ఇప్పటికీ అంతకన్నా గొప్పగా లేదు. ఎవరూ ఆపకపోతే వార్డు మీ సమయాన్నంతా మింగేస్తుంది, ఎందుకంటే ఆయాసంతో ఉన్న మనిషి ఆగలేడు, రాయవలసిన పేపరు ఆగగలదు. అందుకే అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ కొత్తగా మొదలుపెట్టే వైద్యులకిచ్చే కొన్ని గ్రాంట్లలో, వారి సమయంలో 75 శాతం పరిశోధనకే విడిచిపెడతామని సంస్థ ఒప్పుకోవాలన్న షరతు పెడుతుంది. మీరు ఎక్కడ చేరినా జీతం గురించి అడిగే ముందు ఆ అంకె గురించి అడగండి, నోటిమాటగా కాక కాగితం మీద రాయించుకోండి. నాకు వారంలో ఒకటిన్నర రోజు ఓపీ, ఏడాదిలో ఆరు వారాలు వార్డు. మిగతాది ల్యాబ్, ఎథిక్స్ కమిటీ కాగితాలు, గ్రాంటు దరఖాస్తులు. ఈ చివరివాటిలో ఎక్కువ భాగం తిరిగొస్తాయి. అన్ని శ్వాసకోశ వ్యాధుల్లోనూ ఆరితేరిన వైద్యుణ్ణి నేను కాను. క్షయ, క్యాన్సర్ కేసులను నాకన్నా బాగా తెలిసిన సహచరులకు పంపిస్తాను. తీవ్రమైన ఆస్తమా విషయంలో మాత్రం సగం వైద్యుణ్ణని ఎవరూ అనలేదు.

లెక్కల_డాక్టరు ఇచ్చిన జవాబు

పై జవాబు రాసిన పెద్దాయనతో చాలావరకు ఏకీభవిస్తూనే, ఒక విషయం జోడించాలనుకుంటున్నాను. ఆయన చెప్పినదంతా మైక్రోస్కోపు చుట్టూ తిరిగింది. నేనూ శ్వాసకోశ వైద్యుణ్ణే, కానీ నా ల్యాబ్‌లో ఉన్నది ఒక కంప్యూటరూ బోలెడు ఫైళ్లూ మాత్రమే. ఆస్తమా మరణాలను తగ్గించడంలో ఈ రకం పని చేసిన వైద్యుల పాత్ర చిన్నదేమీ కాదు.

1976 నుంచి న్యూజిలాండ్‌లో ఆస్తమాతో చనిపోయేవారి సంఖ్య ఉన్నట్టుండి పెరిగింది. యువకులు కూడా పోయారు. 1989లో జూలియన్ క్రేన్, నీల్ పియర్స్, రిచర్డ్ బీస్లీ తదితరులు, చనిపోయినవారి రికార్డులను బతికిన రోగుల రికార్డులతో పోల్చి, ఫెనోటెరాల్ అనే, ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనం కోసం పీల్చే రిలీవర్ ఇన్‌హేలర్‌కు ఈ మరణాలతో సంబంధం ఉందని లాన్సెట్‌లో ప్రచురించారు. వెంటనే వచ్చిన అభ్యంతరం సహేతుకమైనదే: జబ్బు ముదిరినవారికే వైద్యులు ఆ మందు ఎక్కువగా రాస్తున్నారేమో, అలాంటప్పుడు తప్పు మందుది కాదు, జబ్బుది కదా? దానికి వాళ్లు మరో రెండు అధ్యయనాలతో జవాబిచ్చారు. తీవ్రమైన జబ్బు ఉన్నవారిని మాత్రమే విడిగా తీసి చూసినప్పుడు, అభ్యంతరం నిజమైతే ఆ సంబంధం బలహీనపడాలి. అది మరింత బలపడింది. మందు మీద ఆంక్షలు వచ్చాక మరణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గిపోయాయి. ఎవరికి ఏ మందు ఏ పరిస్థితిలో రాస్తారో తెలిసినవారే ఆ అభ్యంతరాన్ని ముందే ఊహించి, దానికి తగినట్టు లెక్క కట్టగలరు.

ఈ కథకు రెండో భాగం కూడా ఉంది, అందరూ దీన్ని మర్చిపోతారు. అదే బీస్లీ మూడు దశాబ్దాల తర్వాత, 2019లో, తేలికపాటి ఆస్తమా ఉన్న 668 మంది మీద జరిపిన ట్రయల్‌కు నాయకత్వం వహించాడు. ఆయాసం వచ్చినప్పుడు సాల్బ్యుటమాల్ ఒక్కటే పీల్చేవారికన్నా, బ్యుడెసొనైడ్ అనే స్టెరాయిడ్, శ్వాసనాళాలను తెరిచే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్‌ను అవసరమైనప్పుడు పీల్చేవారిలో ఎటాక్‌లు దాదాపు సగానికి తగ్గాయి. అంతకుముందు 2018లో అదే ఇన్‌హేలర్ మీద సిగ్మా పేరుతో వచ్చిన ట్రయల్స్ కూడా ఇదే వైపు చూపించాయి. 2019లోనే, ఆస్తమా మీద ప్రపంచవ్యాప్తంగా మార్గదర్శకాలు ఇచ్చే గీనా సంస్థ, రిలీవర్ ఒక్కటే వాడే చికిత్సను ఇక సిఫారసు చేయబోమని ప్రకటించింది. వృత్తి మొదట్లో పట్టుకున్న ఒక ప్రశ్న, రిలీవర్ మీద అతిగా ఆధారపడితే ఏమవుతుందన్నది, మనిషిని ముప్పై ఏళ్లు నడిపించింది. జీవితకాలపు పరిశోధన అంటే నాకు స్ఫురించేది ఇదే.

చికిత్స మెరుగుపడడమంటే కొత్త మందు రావడమేనని మనలో చాలామంది అనుకుంటాం. ఫిన్లాండ్‌లో తారి హాహ్‌తెలా, ఆయన సహచరులు 1994లో పదేళ్ల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టారు. అందులో ఉన్నవన్నీ పాత మందులే. జబ్బును తొలిదశలోనే గుర్తించి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మొదలుపెట్టడం, ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఆస్తమాకు బాధ్యుడిగా ఒక వైద్యుణ్ణి, ఒక నర్సును పెట్టడం, ఫార్మసిస్టులకు కూడా శిక్షణ ఇవ్వడం, అంతే. పదేళ్లలో ఆస్తమా రోగులు ఆసుపత్రిలో గడిపే రోజులు సగానికి పైగా తగ్గాయి.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చూడండి. బ్రిటన్‌లో 195 ఆస్తమా మరణాలను ఒక్కొక్కటిగా తిరగేసి 2014లో ఇచ్చిన నివేదికలో, రిలీవర్ వాడుతూ వివరాలు దొరికినవారిలో 39 శాతం మందికి చనిపోవడానికి ముందు ఏడాదిలో పన్నెండుకు మించి రిలీవర్ ఇన్‌హేలర్లు రాసినట్టు తేలింది. నెలకొకటి దాటి ఖాళీ అవుతోందంటే రోగి ప్రమాదంలో ఉన్నట్టే. ఆ సంగతి చీటీల్లోనే ఉంది, కూడినవారే లేరు. ఇన్‌హేలర్ పీల్చే పద్ధతి మీద నలభై ఏళ్లలో వచ్చిన అధ్యయనాలను కలిపి 2016లో లెక్క వేస్తే, సరిగా పీల్చేవారు 31 శాతమే; నలభై ఏళ్లలో ఆ అంకె మెరుగుపడలేదు. మా ఓపీలో ఒక పెద్దాయన మూత తీయకుండానే నెలల తరబడి నొక్కుతున్నాడు; పొడి ఇన్‌హేలర్‌లోకి లోపలికి పీల్చడానికి బదులు బయటికి ఊదేవారు వారానికి ఒకరైనా తగులుతారు. కాబట్టి ప్రశ్న అడిగినవారికి నా మాట: మీ ఆవిడ పద్ధతిని రెండుసార్లు ఎదురుగా చూశానని రాశారు చూడండి, ఆ ఒక్క వాక్యంతోనే మీరు సగం మంది పరిశోధకులకన్నా ముందున్నారు. అయితే ఇంకో విషయం కూడా చూడండి, ఆవిడ స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఎన్ని రోజులకొకటి కొంటున్నారో.

చిన్ననాటి_పిల్లికూత ఇచ్చిన జవాబు

నేను వైద్యుణ్ణి కాను. ఆరో ఏట నుంచి ఆస్తమా ఉన్నవాణ్ణి, రెండు పరిశోధనల్లో పాల్గొన్నవాణ్ణి. పరిశోధనకు అవతలి వైపు ఎలా ఉంటుందో మీవంటివారు తెలుసుకోవాలని రాస్తున్నాను.

శ్వాసనాళాలను కావాలని బిగించి చూసే మెథాకొలిన్ పరీక్ష మీరు చేసే ఉంటారు, చేయించుకున్నారో లేదో తెలియదు. మొదటి రెండు మోతాదులు ఏమీ అనిపించదు. తర్వాతిది పీల్చాక గొంతు కింద ఎవరో దారం వేసి మెల్లగా బిగిస్తున్నట్టు ఉంటుంది. అప్పుడు గొట్టంలోకి బలంగా ఊదమంటారు. ఒక్క సెకనులో ఊదగలిగేది 20 శాతం తగ్గేదాకా మోతాదు పెంచుతూ పోతారు. జీవితమంతా ఏ బిగుతు నుంచి పారిపోతున్నామో దాన్ని కావాలని, నమ్మకంతో, మీ చేతుల్లో పెట్టి తెప్పించుకుంటున్నామని గుర్తుంచుకోండి. మొదటి పరిశోధనలో నాకు ఈ పరీక్ష నాలుగుసార్లు చేశారు. అది ముగిశాక ఆ ఆసుపత్రి నుంచి ఫలితం ఏమిటో చెప్పే ఒక్క ఉత్తరం కూడా రాలేదు. రెండోచోట ఒక డాక్టరమ్మ ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి, మందు పనిచేయలేదని తేలిందని చెప్పి, కృతజ్ఞతలు చెప్పారు. పనిచేయని మందు కోసం ఏడాది ఇచ్చానన్న బాధ నాకు కలగలేదు. చెప్పకపోవడం వల్ల కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు.

జబ్బు ఉన్నవాడే వైద్యుడైతే ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే రోజర్ ఆల్టూన్యన్ గురించి చదవండి. ఆయనకూ ఆస్తమా ఉండేది. 1950ల చివర్లో ఇంగ్లండులో ఒక మందుల కంపెనీలో పనిచేస్తూ, గినీ పిగ్ వెంట్రుకల నుంచి తీసిన సారాన్ని తానే పీల్చి ఎటాక్ తెప్పించుకుని, కొత్త రసాయనాలు దాన్ని ఆపుతాయో లేదో తన మీదే పరీక్షించుకునేవాడు. ఏళ్ల తరబడి వందల రసాయనాలు అలా పరీక్షించాక, 1965లో సోడియం క్రోమోగ్లైకేట్ దొరికింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాలు నడిపిన అనుభవంతో, పొడిని గిరగిరా తిప్పి ఊపిరిలోకి పంపే చిన్న పంకా ఉన్న ఇన్‌హేలర్‌ను కూడా రూపొందించాడు. చిన్నప్పుడు నేను పీల్చింది అదే. ఇప్పుడు ఏ ఎథిక్స్ కమిటీ అయినా అలాంటి పనికి ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. ఆ బిగుతు ఎలా ఉంటుందో తెలిసిన మనిషి కాబట్టే అన్నేళ్లు వదలలేదని మాత్రం నేను నమ్ముతాను.

పీజీ_ఆఖరి_ఏడాది

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆవిడ మందుల చీటీలు చూశాను. ఇన్‌హేలర్ సరిగ్గా నెలకొకటి, ఎక్కువా లేదు తక్కువా లేదు.

పాత_స్టెతస్కోపు గారూ, రెండు చిన్న ప్రశ్నలు. పీహెచ్‌డీ ఇప్పుడే చేయాలా, కొన్నాళ్లు వైద్యం చేశాక చేయాలా? మా దగ్గర కఫం పరీక్ష చేసే ల్యాబ్ లేదు. అది లేకుండా ఆవిడ విషయంలో ఒక్క అడుగైనా వేయగలనా?

పాత_స్టెతస్కోపు

పీహెచ్‌డీ ఎప్పుడన్నదానికి ఒకే జవాబు లేదు. ప్రశ్న లేకుండా పీహెచ్‌డీలో చేరినవారు గైడు ప్రశ్నను మోస్తారు. మీకు ప్రశ్న ఉంది కాబట్టి చేరవచ్చు. కానీ దాన్ని మరీ గట్టిగా ప్రేమించకండి. ఎరికా ఫాన్ మూటియస్ అనే పిల్లల వైద్యురాలి సంగతి చెబుతాను. బెర్లిన్ గోడ కూలాక ఆమె తూర్పు జర్మనీ పిల్లలను పశ్చిమ జర్మనీ పిల్లలతో పోల్చింది. లైప్‌జిగ్, హాలె నగరాల్లో బొగ్గు పొగ, గంధకపు వాసన, మ్యూనిక్‌లో పరిశుభ్రత. తూర్పు పిల్లల్లోనే ఆస్తమా, అలర్జీలు ఎక్కువగా ఉంటాయని అందరిలాగే ఆమె కూడా అనుకుంది. లెక్క తిరగబడింది. తూర్పున బ్రాంకైటిస్ ఎక్కువగా ఉంది గానీ, అలర్జీలూ ఆస్తమా పశ్చిమానే ఎక్కువ. లెక్కలో తప్పుందని పక్కన పడేయకుండా ఆమె ఆ తిరగబడిన ఫలితం వెంటే నడిచింది. పశువుల కొట్టాల్లో పెరిగే పిల్లలకు ఆస్తమా ఎందుకు తక్కువన్నదే ఆమె తర్వాతి జీవితమైంది. 2016లో ఆమె కూడా భాగస్వామిగా అచ్చయిన అధ్యయనంలో, గుర్రాలతో పాత పద్ధతిలో సేద్యం చేసే అమెరికాలోని ఆమిష్ అనే క్రైస్తవ తెగ పిల్లల్లో ఆస్తమా 5.2 శాతం, యంత్రాలతో సేద్యం చేసే హటరైట్ అనే మరో క్రైస్తవ తెగ పిల్లల్లో 21.3 శాతం. రెండు తెగల పూర్వీకులూ దగ్గరివారే. ఆమిష్ ఇళ్ల దుమ్మును ఎలుకలకు పీల్పిస్తే వాటికి ఆస్తమా వంటి లక్షణాలు రాకుండా ఆగాయి. పొగ ఊపిరితిత్తులకు మంచిదని దీని అర్థం కాదు, ఎవరూ అలా అనుకోకండి.

ఇక మీ రెండో ప్రశ్న. ల్యాబ్ లేకపోయినా రక్తంలోని ఇయోసినోఫిల్స్ లెక్క మీ ఫైలులోనే ఉంటుంది, ఎందుకంటే మామూలు రక్తపరీక్షలోనే అది వస్తుంది. అంకెను మాత్రమే చూడకండి, తేదీతో పాటు గంట కూడా చూడండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడిన కొన్ని గంటల్లోనే ఇయోసినోఫిల్స్ రక్తంలోంచి మాయమవుతాయి. క్యాజువాలిటీలో ముందు ఇంజెక్షన్ వేసి తర్వాత రక్తం తీయడం అందరికీ అలవాటు. ఆ కాగితం చూసి ఇయోసినోఫిల్స్ లేవని రాసేస్తాం. స్టెరాయిడ్ మాత్రలు ఆపి కనీసం కొన్ని వారాలైన రోజున తీసిన లెక్క ఒక్కటైనా ఉందేమో వెతకండి. మైక్రోలీటరుకు 300 దాటితే ఆవిడ ఏ తెగకు చెందినవారో మీకు సూచన దొరికినట్టే. వెంటనే ఖరీదైన ఇంజెక్షన్ వైపు పరుగెత్తకండి. నులిపురుగుల వంటి పరాన్నజీవులు, ముఖ్యంగా స్ట్రాంగిలాయిడిస్, లేవని తేల్చుకోండి; మొత్తం ఐజీఈ (అలర్జీల్లో పెరిగే యాంటీబాడీ), యాస్పర్‌గిల్లస్ శిలీంధ్రానికి సంబంధించిన పరీక్షలు చేయించండి; ముక్కులో కండలు ఉన్నాయా, ఆస్పిరిన్ వేసుకుంటే ఆయాసం వస్తుందా అని అడగండి; కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కుతుంటే రక్తనాళాల వాపు జబ్బు గురించి కూడా ఆలోచించండి.

పీజీ_ఆఖరి_ఏడాది

నిన్న సాయంత్రం ఫైలు మొత్తం తిరగేశాను. నాలుగేళ్లలో తొమ్మిది రక్తపరీక్షలున్నాయి. ఎనిమిది క్యాజువాలిటీలో తీసినవే. ఎనిమిదింటిలోనూ నర్సింగ్ షీటులో హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసిన సమయం, రక్తం తీసిన సమయంకన్నా ముందే ఉంది. ఇయోసినోఫిల్స్ ఏడింటిలో సున్నా, ఒకదానిలో 20. తొమ్మిదోది మా విభాగం రాయించినది కాదు. రెండేళ్ల కిందట కంటి శుక్లాల ఆపరేషన్‌కు ముందు కళ్ల విభాగంవారు తీయించిన పరీక్ష అది. అప్పటికి ఆవిడ మాత్రలు ఆపి అయిదు వారాలు. లెక్క 640. నలభై నాలుగేళ్లకే శుక్లాలు ఎందుకు వచ్చాయని కూడా మేమెవరం అడగలేదు. మేమిచ్చిన స్టెరాయిడ్ మాత్రల వల్లే వచ్చి ఉండవచ్చు.

ముక్కులో కండలు ఉన్నాయి, పన్నెండేళ్ల కిందట ఒకసారి తీయించుకున్నారట. వాసన తెలియడం లేదని ఆవిడ ఎప్పుడో చెప్పారు, నేనే రాసుకోలేదు. గురువారం ఓపీకి రమ్మన్నాను. మీరు చెప్పిన పరీక్షలన్నీ ఆ రోజే పంపిస్తాం. ఏడాదిలో రెండుసార్లకు మించి స్టెరాయిడ్ మాత్రలు రాసిన ఆస్తమా రోగుల ఫైళ్లన్నీ తీసి పెట్టమని రికార్డు రూమ్‌లో అడిగితే, ఇప్పటికి పదకొండు దొరికాయి. ఒక కాగితం మీద రెండు గడులు గీశాను: రక్తం తీసిన గంట, ఇంజెక్షన్ వేసిన గంట.